బాలనటుడి తయారీ విధానం

బాలనటులు రెండు రకాలు: దర్శకులు గుర్తించినవారు, తల్లిదండ్రులు గుర్తించినవారు. మొదటి రకం అరుదు. రెండో రకం ప్రతి అపార్ట్‌మెంటులోనూ అంతస్తుకు ఇద్దరు చొప్పున దొరుకుతారు.

తయారీలో తొలి దశ ప్రతిభను కనిపెట్టడం. పిల్లవాడు ఏడిస్తే కరుణరసం, అలిగితే సహజనటన, అన్నం వద్దని పరుగెడితే యాక్షన్. చుట్టాల పెళ్లిలో పాటకు నాలుగు గంతులు వేశాడంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ‘అచ్చం హీరోలా ఉన్నాడే’ అని మేనత్త అన్న మాటను ఇంటిల్లిపాదీ ధ్రువపత్రంలా దాచుకుంటారు. అదే మేనత్త తన కొడుకు గురించి చెప్పుకున్నది మాత్రం లెక్కలోకి రాదు.

ఈ ఆశకు చరిత్ర దన్ను కూడా ఉంది. 1932లో విడుదలైన తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ పిల్లవాడి కథే. అదే కథతో 1967లో వచ్చిన చిత్రంలో ప్రహ్లాదుడు రోజారమణి. ఆమె కొడుకు తరుణ్‌కు ‘అంజలి’లో నటనకు జాతీయ అవార్డు వచ్చింది. శ్రీదేవి పసితనంలోనే తెరకెక్కింది. పిల్లలతోనే తీసిన 1997 నాటి రామాయణంలో రాముడు జూనియర్ ఎన్టీఆర్. తల్లిదండ్రులకు ఈ జాబితా కంఠతా వచ్చు. ఆ రాముడి వెనక గెంతిన వానరసేనలో ఒక్కరి పేరు చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

రెండో దశ పోర్ట్‌ఫోలియో. కోటు, బో, నల్లకళ్లద్దాలు, నడుం మీద చెయ్యి. దర్శకుడికి కావలసింది పిల్లవాడిలా ఉండే పిల్లవాడు; ఆల్బమ్‌లో కనిపించేది పాలసీ అమ్మవచ్చిన బీమా ఏజెంటు. పైగా పాలపళ్లు ఊడే వయసు, సంక్రాంతికి తీయించిన మొహం దసరాకు ఉండదు. పాత్రలకు పిల్లల్ని ఎంపిక చేసేవారు సాధారణంగా చూసేది ఫోన్లో తీసిన మామూలు ఫొటోలు, పేరూ వయసూ చెప్పే చిన్న వీడియో. వాటికి ఖర్చు లేదు కనుక ఇంట్లో విలువా లేదు.

మూడో దశలో కోఆర్డినేటర్ ప్రవేశిస్తాడు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో నిజంగా పని ఇప్పించే కోఆర్డినేటర్లూ ఉన్నారు, వారి కమీషన్ వచ్చిన పారితోషికంలోంచి పోతుంది. రెండో జాతివాడు ఫోన్‌లో తగులుతాడు. ‘మీ బాబు సెలెక్ట్ అయ్యాడండీ’ అంటాడు, బాబును చూడకుండానే. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ అంటాడు, కాస్ట్యూమ్స్ అంటాడు, యాక్టింగ్ కోర్సు అంటాడు. ఈ తరహా చిత్రాల్లో నిర్మాతలు తల్లిదండ్రులే. విడుదల ఉండదు.

ఆడిషన్‌లో పిల్లవాడి పేరు అడిగితే తల్లి చెబుతుంది. డైలాగ్ ఇస్తే కెమెరా పక్కన నిలబడి ఆమె కూడా పెదవులు కదుపుతుంది. చాలా సందర్భాల్లో ఆమే బాగా చేస్తుంది.

ఎంపికైతే షూటింగ్. పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతుంది. కళాకారులకు మినహాయింపు ఇచ్చింది. అందువల్ల టీకొట్లో గ్లాసు కడిగితే నేరం, టీపొడి ప్రకటనలో గ్లాసు పట్టుకుంటే కళ. కళకూ నిబంధనలున్నాయి. నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు, వరుసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు, చదువు ఆగకూడదు. కాల్‌షీటు ఎన్నింటికో అడిగే తండ్రి అనుమతి పత్రం ఏదని అడగడు. అడిగితే వేషం పోతుందని భయం. బడికి జ్వరమని కబురు వెళుతుంది. ఆ జ్వరం టీవీలో ప్రసారమయ్యాక క్లాస్ టీచరే సెల్ఫీ అడుగుతుంది.

పిల్లల ఇష్టానికి విరుద్ధంగా నటింపజేయరాదని కూడా నిబంధన ఉంది. ఆ ఇష్టాన్ని తెలియజేసే బాధ్యతను తల్లిదండ్రులే స్వీకరిస్తారు.

మిగిలింది డబ్బు. 1921లో చాప్లిన్ ‘ది కిడ్’తో ప్రపంచాన్ని ఏడిపించిన జాకీ కూగన్ లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూస్తే దాదాపు అంతా ఖర్చయిపోయింది. 1938లో తల్లి మీద, మారుతండ్రి మీద కోర్టుకెక్కితే దక్కింది సుమారు లక్షా పాతికవేల డాలర్లు. ఆ గొడవ చూసి కాలిఫోర్నియా 1939లో బాలనటుల సంపాదనను కాపాడే చట్టం చేసింది. మన నిబంధనల ప్రకారం బాలనటుడి సంపాదనలో కనీసం 20 శాతం అతని పేరనే జాతీయీకృత బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మేజరయ్యాక అది అతనిది. మిగతా 80 శాతం ఎవరిదో ఆ నిబంధనలో రాయలేదు.