చేతులు దులుపుకునే దినోత్సవం

ప్రపంచ చేతుల శుభ్రత దినోత్సవమనే పండగ అయిపోయింది. అక్టోబర్ 15 రాత్రికి మన బడిపిల్లల చేతులు ఎంత శుభ్రపడ్డాయో తెలీదుగానీ, వాట్సాప్ స్టేటస్‌లు మాత్రం తళతళలాడాయి. ఒక ఫొటోలో ఫ్లెక్సీ ముందు వరసగా నిలబడి అరచేతులు చాచిన పిల్లలు. ఇంకో ఫొటోలో మండలం నుంచి వచ్చిన అతిథిగారు చేతులు కడుక్కుంటున్నారు, పిల్లలు చూస్తున్నారు. ఉన్న ఒక్క సబ్బూ ఆయన చేతిలోనే ఉంది మరి, చూడక ఏం చేస్తారు?

మా చెల్లెలు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆ రోజు పొద్దున్నే టీచర్ల వాట్సాప్ గ్రూపులో పైనుంచి ఆదేశం వచ్చింది: చేతులు కడిగే దశలన్నీ పిల్లలతో చేయించి, ఒక్కో దశకూ ఫొటో తీసి, పన్నెండింటిలోగా పెట్టాలి. వాళ్ళ బడిలో మోటారు కాలిపోయి వారమైంది. ‘నీళ్ళు రావడం లేదు సార్’ అని మా చెల్లెలు మెసేజ్ పెట్టింది. రెండు నిమిషాల్లో జవాబు: ‘యాక్షన్ చేయించండి మేడం.’

చేయించింది. ఎండిన కుళాయి కింద పొడి చేతులు పెట్టి, లేని సబ్బును అందుకుని, రాని నురగను మణికట్టు దాకా పట్టించి, పడని నీళ్ళతో కడిగేసి, గాలికి విదిలించారు పిల్లలు. కూచిపూడి గురువులు చూసి ఉంటే ముచ్చటపడేవారు. అంతా అయ్యాక రెండో తరగతి వాడొకడు ‘టీచర్, ఇక అన్నం తినొచ్చా?’ అన్నాడట. వాడికి అప్పుడే చదువు బాగా ఒంటబట్టింది.

ఇంతటితో అయిందా? ఫొటోలు తిరిగొచ్చాయి. మూడో దశ ఫొటోలో బడి పేరున్న బోర్డు కనపడలేదట. పిల్లల్ని మళ్ళీ పిలిచి, మళ్ళీ నిలబెట్టి, పొట్టివాళ్ళను ముందుకు లాగి, పొడుగువాళ్ళను కూర్చోబెట్టి, మళ్ళీ తీశారు. గోళ్ళ కింద మట్టి ఉంటే ఫర్వాలేదు, ఫ్లెక్సీలో మడత ఉండకూడదు. ఆ ఫ్లెక్సీ మీద రాసింది చదవాలంటే ఐదో తరగతి పిల్లకు సబ్బుకన్నా ముందు నిఘంటువు కావాలి. దానికి పోసిన డబ్బుతో పది రూపాయల సబ్బులు డజనుకు పైగా వచ్చేవి. కానీ సబ్బు మీద ఎవరి ఫొటో వేస్తారు?

అసలు ఆ దశలెక్కడివి? అరచెయ్యి, చేతి వెనక, వేళ్ళ సందులు, బొటనవేలు తిప్పి, గోళ్ళు అరచేతి గుంతలో రుద్ది చేసే ఆ వరస ఆస్పత్రి మనుషుల కోసం పెట్టింది. రోగిని ముట్టుకోబోయే నర్సుకూ డాక్టరుకూ ప్రపంచ ఆరోగ్య సంస్థ నేర్పే పద్ధతి. అన్నానికి కూర్చోబోయే ఏడేళ్ళ పిల్లకు కావలసింది నీళ్ళు, సబ్బు, ఇరవై సెకన్ల తీరిక. ఆ మూడూ ఇవ్వలేక కడిగే విద్య నేర్పుతున్నాం. ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నంత నిష్ఠ మా వాళ్ళ వేళ్ళకు వచ్చేసింది, థియేటర్‌లో ఉన్న నీళ్ళు మాత్రం రాలేదు.

మధ్యాహ్నానికి గ్రూపులో ఎర్ర రంగులో జాబితా పడింది: ఫొటోలు పెట్టని బడులు. సాయంత్రానికి ఇంకోటి, వెనకబడ్డ బడుల పేర్లతో. నీళ్ళు రాని బడుల జాబితా మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎర్ర రంగులో పడలేదని మా చెల్లెలంది.

ఆంధ్రలో టీచర్లు కొన్నేళ్ళపాటు బడి మరుగుదొడ్లను రోజూ ఫొటో తీసి యాప్‌లో పెట్టారు. 2024లో ఆ చాకిరీ ఎత్తేశారని అందరం సంబరపడ్డాం. అలవాటు పోతుందా? ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్రకు నోరు తెరిచిన ఫొటో. ఐరన్ మాత్రకు చెయ్యి చాచిన ఫొటో. ఆ పిల్ల మింగిందో, గోడ వెనక్కి వెళ్ళి ఉమ్మిందో ఫొటోలో పడదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదు. హాజరుకు మొహం ఫొటో సరేసరి. చేతులు కడుక్కుంటామని ప్రతిజ్ఞ చేసినవాళ్ళకు ఈ-సర్టిఫికెట్ కూడా ఉంది, ప్రింటు తీయడానికి బడిలో కాగితం లేదు.

డబ్బు సంగతి చూద్దాం. సమగ్ర శిక్ష కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి ఇచ్చే గ్రాంటు 25,000 రూపాయలు. సుద్దముక్క నుంచి కరెంటు బిల్లు దాకా అందులోంచే. దాంట్లో కనీసం పదో వంతు శుభ్రతకు పెట్టాలన్నారు. అంటే 2,500. ఎనభై మంది పిల్లలుంటే తలకు 31 రూపాయలు, నెలకు కాదు, ఏడాదికి. చీపురు, ఫినాయిలు, బ్రష్షు పోగా సబ్బుకు మిగిలేదెంతో లెక్క కట్టండి. అదైనా జూన్‌లో రాదు. వచ్చేదాకా సబ్బు టీచరు జీతంలోంచి వస్తుంది, లేదా రాదు. ఇది తెలిసీ ఎండిన కుళాయి ముందు పిల్లలతో మూకాభినయం చేయించేవాళ్ళను చూస్తే నాకు నవ్వు రావడం మానేసింది. అది ఆరోగ్య ప్రచారం కాదు. అబద్ధం ఆడడంలో ఆరేళ్ళ పిల్లలకు శిక్షణ. ఆ ఫొటో పిల్లల కోసం కాదు, వాళ్ళ అమ్మల కోసం అసలే కాదు. పైవాడు తన పైవాడికి చూపించుకోవడానికి.

జనానికి చెప్పడం మనకు చేతకాదా అంటే, మన చిత్తూరు జిల్లాలోనే చేసి చూపించారు. పద్నాలుగు ఊళ్ళు తీసుకుని ఏడింట్లో ‘సూపర్ అమ్మ’ పేరుతో ప్రచారం నడిపారు. ఫలితాలు 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అచ్చయ్యాయి. క్రిములంటూ, విరేచనాలంటూ భయపెట్టలేదు. లడ్డూ లింగం అనే మురికి మనిషి మురికి చేతులతో లడ్డూలు కడుతుంటే ఊరంతా ‘ఛీ’ అంది. బిడ్డను పద్ధతిగా పెంచుకునే అమ్మను చూసి ‘మనమూ ఇలాగే’ అనుకుంది. అంతకుముందు సబ్బుతో కడగాల్సిన వేళల్లో నూటికి ఒక్కసారి కడిగేవాళ్ళు. ఆర్నెల్లకు అది 37 అయింది. ప్రచారం జరగని ఊళ్ళలో ఆరు దగ్గరే ఉంది. ఈ అంకెలు ఎలా తెలిశాయంటారా? ఇళ్ళల్లో కూర్చుని కళ్ళతో చూసి లెక్కపెట్టారు. ఎవర్నీ సెల్ఫీ పంపమనలేదు.

బంగ్లాదేశ్‌లో రెండు ప్రాథమిక పాఠశాలల్లో అసలు మాటే లేకుండా చేశారు. మరుగుదొడ్డి నుంచి చేతులు కడిగే చోటిదాకా బాట వేసి, దాని మీద రంగులతో పాదాల గుర్తులు, కడిగే చోట అరచేతుల గుర్తులు వేశారు. పాఠం లేదు, ప్రతిజ్ఞ లేదు, అతిథిగారు లేరు. దొడ్డికి వెళ్ళొచ్చి సబ్బుతో కడిగేవాళ్ళు నూటికి నలుగురుండేవాళ్ళు, ఆరు వారాలకు 74 మంది. పిల్లలు కదా, గుర్తు కనపడితే దానిమీద అడుగు వెయ్యకుండా ఉండలేరు. అక్కడ నీళ్ళూ సబ్బూ ఉన్నాయి లెండి.

మా చెల్లెలి బడిలో ఎనభై మంది, రెండు కుళాయిలు. మోటారు నడిచినా, ఒక్కొక్కరికి అరనిమిషం వేసుకుంటే అందరూ కడిగేసరికి ఇరవై నిమిషాలు. మొదట కడిగినవాడు ఆలోగా గోళీలాడి మళ్ళీ మట్టి చేసుకుంటాడు. అందుకని చెల్లెలు ఓ ఉపాయం చెప్పింది: పొడుగాటి పీవీసీ గొట్టానికి వరసగా బెజ్జాలు పెట్టి, గోడవారన కట్టి, పాత మేజోళ్ళలో సబ్బులు వేసి దానికి వేలాడదీస్తే పదేసి మంది ఒకేసారి కడుక్కుంటారు. అన్నం గంట ఐదు నిమిషాలు ముందు కొడితే చాలు. హెచ్ఎం గారికీ నచ్చింది. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో అడిగితే, గొట్టం ఏ పద్దు కింద రాయాలో తెలీదన్నారట.

అయ్యా, పద్దు తర్వాత చూసుకుందురుగాని. వచ్చే ఏడాది అక్టోబర్ 14వ తేదీకి ఆ మోటారు బాగుచేయించి, సబ్బులు పంపండి. కుదరదంటారా, 15న సెలవు ఇచ్చేయండి. పిల్లలు ఊళ్ళో బోరింగు కొట్టుకునైనా కడుక్కుంటారు.