ఏకగ్రీవంగా తీర్మానించడమైనది

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను ఎవరు నడపాలన్న ప్రశ్నకు చట్టం దగ్గర సందేహమేమీ లేదు. 2009లో పార్లమెంటు ఆమోదం పొంది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలకూ ఒక యాజమాన్య కమిటీ ఉండాలనీ, అందులో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలనీ 21వ సెక్షన్‌లో నిర్దేశించింది. ఆ కమిటీ పాఠశాల పనితీరును పర్యవేక్షిస్తుంది, అభివృద్ధి ప్రణాళికను తయారుచేసి సిఫారసు చేస్తుంది, వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో గమనిస్తుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మరొకరు తీసుకున్న నిర్ణయాన్ని మార్చే పని కాదని గ్రహించిన పాఠకుడు పాఠశాల పాలనాశాస్త్రంలో మొదటి పాఠం పూర్తిచేసినట్లే. టీచర్ల నియామకం, బదిలీ, సెలవు, మధ్యాహ్న భోజనంలో ఏ రోజు ఏ కూర, అసలు బడి ఆ ఊళ్ళో ఉండాలా వద్దా అన్నవి కమిటీ పరిధిలోకి రావు. అమెరికాలోని చికాగో నగరంలో 1988 నాటి సంస్కరణ చట్టం తల్లిదండ్రులు మెజారిటీగా ఉండే స్థానిక మండళ్ళకు ప్రిన్సిపాల్‌ను ఎంచుకునే అధికారం ఇచ్చిందని చెబితే, మన మండల విద్యాధికారి కార్యాలయంలో దాన్ని వింతకథగా వింటారు.

కమిటీ కూర్పులో మాత్రం ఎలాంటి లోటూ లేదు. ఆంధ్రప్రదేశ్ పద్ధతిలో తరగతికి ముగ్గురు చొప్పున, ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడికి పదిహేను మంది తల్లిదండ్రులు ఎన్నికవుతారు. వారికి తోడుగా ప్రధానోపాధ్యాయుడు, మరో ఉపాధ్యాయ ప్రతినిధి, వార్డు సభ్యుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య అధ్యక్షురాలు, బడి బాగు కోరే దాతలూ చేరతారు. పిల్లలు మరీ తక్కువగా ఉన్న తరగతిని పక్క తరగతితో కలిపి లెక్కించినా, పది మంది పిల్లలున్న బడిలో పిల్లల కంటే పాలకులే ఎక్కువగా తేలతారు. ఉపాధ్యాయ ప్రతినిధి విషయం ఇంకా సూక్ష్మమైనది. కేంద్రం నమూనా నిబంధనల ప్రకారం ఆ ప్రతినిధి ఎవరన్నది ఉపాధ్యాయులే తేల్చుకోవాలి. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఏకోపాధ్యాయ పాఠశాలలు, అంటే ఐదు తరగతులకూ ఒక్కరే టీచరుగా ఉన్న బడులు, 12,912. అలాంటి బడిలో ఉపాధ్యాయులందరూ సమావేశమై, చర్చించి, తమలో ఒకరిని ఎన్నుకోవడం ఒక్క కుర్చీలో పూర్తయ్యే ప్రక్రియ. ఎన్నికైన ప్రతినిధే ప్రధానోపాధ్యాయుడు, ఆయనే కమిటీ కన్వీనర్, గంట కొట్టేదీ ఆయనే. ఆయన సమావేశంలో ఉన్నంతసేపూ ఐదు తరగతులూ స్వయంపాలనలో ఉంటాయి.

కమిటీ ఎన్నికలకు ఊళ్ళో ఎవరూ ముందుకు రారన్న అపోహ ఒకటుంది. బడికి నిధులు రాని ఏడాది అది నిజమే. ప్రధానోపాధ్యాయుడు ఇంటింటికీ తిరిగి, ‘సంతకం తప్ప మీకేం పని ఉండదమ్మా’ అని హామీ ఇచ్చి సభ్యులను కూడగట్టుకోవాలి. గదుల మరమ్మతులో, ప్రహరీ గోడో, ‘నాడు–నేడు’ వంటి పథకమో కమిటీ ఖాతా ద్వారా నడిచే ఏడాది వస్తే మాత్రం పరిస్థితి తారుమారై, నాలుగో తరగతి చదివే పిల్లాడి తండ్రికి ఏ పార్టీ కండువా ఉందన్నది చర్చకు వస్తుంది, ఓటర్ల జాబితాను రెండు వర్గాలూ కంఠస్థం చేస్తాయి, కొన్నిచోట్ల పోలీసులు బడి గేటు దగ్గర నిలబడవలసి వస్తుంది. విద్య పట్ల గ్రామీణుల శ్రద్ధను సిమెంటు బస్తాల్లో కొలవవచ్చునని దీన్నిబట్టి నిర్ధారించవచ్చు. గెలిచిన చైర్‌పర్సన్ ఆ తర్వాత ఉత్సవ విగ్రహంగా మారుతుంది: జెండా పండుగకూ, అధికారి తనిఖీకీ పల్లకీ ఎక్కించి బయటికి తెస్తారు, మిగతా రోజుల్లో గుడి తలుపులు వేసే ఉంటాయి.

పాఠశాల పాలనలో అసలు అధికారమంతా ఒక పుస్తకంలో ఉంటుంది. కమిటీ నెలకొకసారైనా సమావేశం కావాలనీ, నిర్ణయాలను నమోదుచేసి ప్రజలకు అందుబాటులో ఉంచాలనీ నిబంధన ఉంది కాబట్టి, ప్రతి బడిలోనూ మినిట్స్ పుస్తకం, అంటే సమావేశంలో జరిగినదాన్ని రాసే రిజిస్టరు, ఒకటి ఉంటుంది. సమావేశంలో జరిగినదాన్ని అన్న మాట ఇక్కడ వ్యాకరణరీత్యా పొరపాటు. అందులో రాసినదే జరిగిన సమావేశం. గీతల లాంగ్‌బుక్కు, దానికి బ్రౌన్ పేపరు అట్ట, అట్ట మీద ఎర్ర సిరాతో బడి పేరు, లోపల ముత్యాల్లాంటి దస్తూరీలో ఒకే వాక్యం నెలనెలా పునరావృతమవుతుంది: పాఠశాల ఆవరణలో చైర్‌పర్సన్ గారి అధ్యక్షతన సమావేశం జరిగినది, ఈ క్రింది అంశములపై కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. దాని కింద ఒకటి నుంచి పదిహేను వరకు అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన సంతకానికి ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలే ప్రజాస్వామ్యం. మధ్యాహ్నం భోజనం గంట అయ్యాక ఐదో తరగతి అమ్మాయి ఆ రిజిస్టరునూ, స్టాంపు ప్యాడునూ చంకన పెట్టుకుని బయలుదేరుతుంది. మిరప చేలో కాయలు కోస్తున్న సభ్యురాలు గట్టు మీదికి వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుంటుంది.

‘సారు సంతకం పెట్టించుకురమ్మన్నారు, పెద్దమ్మా.’

‘ఎందుకే?’

‘ఏమో, బడిదంట.’

కూలంకషమైన చర్చ అక్కడితో ముగిసి, తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందుతుంది. అరచేతికి అంటిన కారం ఆరో అంకె పక్కన వేలిముద్రతో పాటు రిజిస్టరులో శాశ్వతంగా నమోదవుతుంది.

దీనికి ఆ తల్లినో, ఆ టీచరునో తప్పుపట్టే విమర్శకులు ఒక చిన్న లెక్క వేసుకోవడం మంచిది. సమావేశం పెట్టేది బడి వేళల్లో. ఆ వేళకు బడికి రావాలంటే ఆమె ఆనాటి కూలి వదులుకోవాలి. కమిటీ సభ్యత్వానికి భత్యం లేదు. ఎమ్మెల్యే సభకు హాజరైనందుకు రోజు భత్యం ఇచ్చే రాజ్యం, ఈమె హాజరును త్యాగం ఖాతాలో వేసుకుంది. అయినా ఆమె వచ్చిన రోజున, సాంబారులో పప్పు కనిపించలేదనీ, గుడ్డు నిమ్మకాయంత ఉందనీ, మరుగుదొడ్డికి తలుపుంది గానీ నీళ్ళు లేవనీ చూసిన వెంటనే చెప్పగలదు. చట్టం పర్యవేక్షణ అని పేరు పెట్టిన పని సరిగ్గా ఇదే. ‘పైనుంచి అంతే వస్తుందమ్మా’ అని కన్వీనర్ నిజమే చెబుతాడు. వంట ఏజెన్సీ వారికి బిల్లులు నెలల తరబడి ఆగితే వాళ్ళు కిరాణా కొట్టులో అప్పు పెట్టి వండుతున్నారని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. సాంబారు చిక్కదనానికి మినిట్స్ పుస్తకంలో గడి లేదు కాబట్టి ఆ నెల కూడా భోజన పథకం సంతృప్తికరముగా అమలగుచున్నదని తీర్మానించడమైనది.

ఇక ఆర్థికాధికారం. సమగ్ర శిక్ష కింద పాఠశాల కాంపోజిట్ గ్రాంటు, అంటే సుద్దముక్కల నుంచి కరెంటు రిపేరు దాకా అన్నిటికీ కలిపి ఇచ్చే వార్షిక నిధి, ముప్పై మంది వరకు పిల్లలున్న బడికి 10,000 రూపాయలు. ఈ మొత్తం ఖర్చును పదిహేను మంది తల్లిదండ్రులు గమనించాలి. గతంలో ఆ డబ్బు కమిటీ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాలో పడేది, చైర్‌పర్సన్, ప్రధానోపాధ్యాయుడు కలిసి చెక్కు మీద సంతకం చేసేవారు. 2021లో కేంద్రం తెచ్చిన ఏక నోడల్ ఖాతా విధానంలో డబ్బంతా రాష్ట్ర స్థాయిలో ఒకే ఖాతాలో ఉంటుంది. బడికి ఉండేది జీరో బ్యాలెన్స్ ఖాతా, అంటే పేరుకు ఖాతా, లోపల సున్నా, ఖర్చు చేయడానికి పైనుంచి ఒక పరిమితి మాత్రం మంజూరవుతుంది. ఆ పరిమితి తరచుగా విద్యా సంవత్సరం చివర్లో, మార్చి నెలాఖరు కనుచూపు మేరలో ఉండగా దర్శనమిస్తుంది. వాడుకోకపోతే 31వ తేదీతో వెనక్కి పోతుంది. వేసవి సెలవుల ముందు ఏడాదికి సరిపడా సుద్దముక్కలు కొనే బడిని చూసి ఆశ్చర్యపడేవారికి ప్రభుత్వ అకౌంటింగ్ తెలియదని అర్థం.

తల్లిదండ్రుల అభిప్రాయానికి విలువ లేదనడం మాత్రం అన్యాయం. అవసరమైనప్పుడు రాజ్యం దాన్ని ఇంటికి వచ్చి మరీ తీసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లిష్ మీడియాన్ని తప్పనిసరి చేసిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసినప్పుడు, వలంటీర్లు ఇంటింటికీ ఐచ్ఛిక పత్రాలు పట్టుకెళ్ళి తల్లిదండ్రుల మనోగతం రాబట్టగా, 96 శాతానికి పైగా ఇంగ్లిష్ మీడియమే కోరుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. రెండేళ్ళ తర్వాత, 2022లో, జీవో 117 ప్రకారం ప్రాథమిక పాఠశాలల్లోని 3, 4, 5 తరగతులను దగ్గర్లోని ఉన్నత పాఠశాలలకు తరలించాలని నిర్ణయించినప్పుడు అదే తల్లిదండ్రులు బడి గేట్లకు తాళాలు వేసి, రోడ్ల మీద కూర్చుని, తమ మనోగతాన్ని ఎవరూ అడగకుండానే వెల్లడించారు. అప్పుడు పత్రాలు పట్టుకుని ఏ వలంటీరూ రాలేదు. ఆ జీవోను తర్వాతి ప్రభుత్వం 2025లో పక్కనపెట్టి, తరగతికి ఒక టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లోకి చుట్టుపక్కల బడుల పిల్లలను తరలించే మరో ఏర్పాటు చేసింది. తరలింపు పేరు మారింది గానీ ఎనిమిదేళ్ళ పిల్ల నడిచే దూరం తగ్గలేదు.

కమిటీ పేర్లు మాత్రం క్రమం తప్పకుండా మారుతూ వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే సమాజ భాగస్వామ్య చట్టం చేసి ఎన్నికైన తల్లిదండ్రులతో పాఠశాల విద్యా కమిటీలు పెట్టారు. విద్యాహక్కు చట్టం వచ్చాక అవి యాజమాన్య కమిటీలయ్యాయి. 2019లో ఆంధ్రలో తల్లిదండ్రుల కమిటీలయ్యాయి. 2024లో మళ్ళీ యాజమాన్య కమిటీలయ్యాయి. తెలంగాణలో యాజమాన్య కమిటీలు ఉండగానే, 2024లో మరమ్మతు పనుల కోసం మహిళా సంఘాల అధ్యక్షురాళ్ళ నాయకత్వంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఒక కమిటీ పర్యవేక్షిస్తుంది, మరో కమిటీ పని చేయిస్తుంది, రెండిటికీ కన్వీనర్ ఒకే ప్రధానోపాధ్యాయుడు; ఒక రిజిస్టరులో తనకు తాను నివేదిక ఇచ్చుకుని, రెండో రిజిస్టరులో దాన్ని తానే అందుకుంటాడు.

పాలనలో సిబ్బంది భాగస్వామ్యం ఇంతకంటే లోతైనది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు టీచర్లను వాడరాదని విద్యాహక్కు చట్టంలో 27వ సెక్షన్ ఉంది. మరుగుదొడ్డి శుభ్రతను ఫొటో తీసి యాప్‌లో అప్‌లోడ్ చేయడం ఈ మూడింటిలో దేని కిందికి వస్తుందో చట్టం చెప్పదు గానీ, ఆంధ్రలో కొన్నేళ్ళపాటు అది ఉపాధ్యాయుల దినచర్యలో ప్రార్థన తర్వాతి అంశంగా నడిచింది. భోజనం చేసిన పిల్లల సంఖ్య, గుడ్ల నిల్వ, చిక్కీల లెక్క, బూట్ల కొలతలు, పిల్లల హాజరు, తన హాజరు, ఇవన్నీ సిగ్నల్ దొరికే వేపచెట్టు కింద నిలబడి పంపిన తర్వాత మిగిలిన సమయాన్ని బోధనకు వినియోగించే స్వేచ్ఛ టీచరుకు పూర్తిగా ఉంది. ఏ పుస్తకం ఏ వారంలో ఏ పేజీ దాకా రావాలో పైనుంచి నిర్ణయమై వస్తుంది కాబట్టి ఆయన మీద ఆ భారం కూడా లేదు. తల్లిదండ్రుల చేతిలో ఏమీ లేదని టీచరుకు తెలుసు, టీచరు చేతిలో ఏమీ లేదని తల్లిదండ్రులకు తెలియదు. బడిలో తగువులన్నీ ఈ తేడా వల్లే పుడతాయి.

ఇలాంటి తగువులకు మందుగా కనిపెట్టినది మెగా పేరెంట్–టీచర్ మీటింగ్, అంటే ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజున జరిగే తల్లిదండ్రుల సమావేశం. మొదటిది 2024 డిసెంబరు 7న జరగగా ముఖ్యమంత్రి బాపట్లలో పాల్గొన్నారు. రెండోది 2025 జులై 10న జరిగింది. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడు లాగే పోటీలు, అందరికీ కలిసి భోజనం, చివర్లో ప్రతిజ్ఞ. పిల్లవాడి చదువు గురించి టీచరూ తల్లీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం నిజంగా మంచి విషయమేనని ఒప్పుకోవాలి. ఆ పది నిమిషాలూ ముగ్గు ఎండిపోయేలోపు, ప్రజాప్రతినిధి ప్రసంగం మొదలయ్యేలోపు, ఫొటోలు గడువులోగా అప్‌లోడ్ అయ్యేలోపు ఎక్కడో దొరకాలి. దొరికిన చోట్ల తల్లులు అడిగిన మొదటి ప్రశ్న, టీచరును ఇంకొకరిని ఎప్పుడు వేస్తారన్నది. ఆ ప్రశ్నకు ప్రోగ్రామ్ షీటులో నిమిషాలు కేటాయించలేదు.

యాజమాన్య కమిటీ నిబంధన ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు పాఠశాలలకు వర్తించదు. ఆ బడుల్లో తల్లిదండ్రులకు పాలనలో వాటా ఉండదు, ఫీజులో మాత్రం మొత్తం వాటా ఉంటుంది. ప్రభుత్వ బడి టీచర్లలో చాలామంది పిల్లలు చదివేది అక్కడే కాబట్టి, వారమంతా కన్వీనర్ హోదాలో తల్లుల చేత సంతకాలు పెట్టించిన పెద్దమనిషి శనివారం ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని అక్కడి పేరెంట్స్ మీటింగుకు వెళ్ళి, యూకేజీ పిల్లల కురచ బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడు. ఆయన వయసులో సగం కూడా లేని టీచరమ్మ ‘మీవాడు తెలుగులో వీక్ సార్, ఇంట్లో కాస్త చూసుకోండి’ అంటే తల ఊపుతాడు. ఈ ఏడాది ఫీజు ఎందుకు పెరిగిందో అడగాలని ఇంటి దగ్గర భార్య చెప్పి పంపిన మాట గుర్తొచ్చి నోరు తెరవబోయే సమయానికి, వెనక వరుసలో ఇంకా పాతిక మంది తల్లిదండ్రులు నిలబడి ఉంటారు. ప్రోగ్రెస్ కార్డులో చూపించిన చోట సంతకం పెట్టి లేస్తాడు. గేటు దాటేలోపు ఫోన్‌లో మండల గ్రూపు మెసేజ్ వస్తుంది: ఈ నెల కమిటీ సమావేశ తీర్మానం, ఫొటోతో సహా, సాయంత్రం ఐదింటికల్లా అప్‌లోడ్ చేయవలెను. బైకు స్టార్ట్ చేయకముందే ‘ఓకే సార్’ అని జవాబిచ్చి, ఐదో తరగతి అమ్మాయి వాళ్ళ ఇంటికి ఫోన్ కలుపుతాడు.