నిల్వలు పుష్కలం

దాచుకోవడానికి సంబంధించిన పాత తెలుగు మాటలన్నీ సరుకుతో పాటు దాని చిరునామా కూడా చెప్పేవి. గరిసె అంటే వెదురు బద్దలతో అల్లి పేడతో అలికిన పెద్ద బుట్ట. పాతర అంటే గొయ్యి తవ్వి, రాగులో జొన్నలో పోసి, మూతిని మట్టితో పూడ్చిన నేలకొట్టు. వామి అంటే పశువులకు ఎండాకాలం గడిచేలా పేర్చిన మేత కుప్ప. ఈ మాటల్లో దేన్ని పలికినా, ఎదుటివాడు చూపించమంటే లేచి వెళ్లి చూపించక తప్పేది కాదు.

ప్రభుత్వ ప్రకటనల్లో వీటన్నిటి బదులూ ఇప్పుడు నిల్వ అనే ఒక్క మాటే వినిపిస్తుంది. దానికి బుట్ట లేదు, గొయ్యి లేదు, మూత అసలే లేదు. ఏటా ఖరీఫ్ ముంగిట నిల్వలు పుష్కలంగా ఉన్నాయనీ, రైతులు ఆందోళన చెందనవసరం లేదనీ అధికారులు ప్రకటిస్తారు. ఆ రెండో ముక్క చెవిన పడగానే అనుభవజ్ఞుడైన రైతు పట్టాదారు పాసుపుస్తకం వెతకడం మొదలుపెడతాడు.

నిల్వకు మూలం 'నిలు' అనే ధాతువు. నిలబడటం, నిలువు, నిలకడ అన్నీ ఆ పుట్టుకవే. కదిరి నియోజకవర్గంలోని తనకల్లు వంటి మండలాల్లో రాయితీ వేరుశెనగ విత్తనాల కోసం, 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 45 కిలోల యూరియా బస్తా కోసం బారులు తీరిన రైతులను తలచుకుంటే, ఈ ధాతువును రెండు పక్షాలూ ఎంత న్యాయంగా పంచుకున్నాయో అర్థమవుతుంది: నామవాచకాన్ని కార్యాలయం ఉంచుకుంది, క్రియను రైతుకు వదిలింది. నిలబడే ఓపిక కూడా అయిపోయిన చోట ఆ క్రియను చెప్పులు నిర్వహిస్తాయి.

తన విత్తనం తానే దాచుకోని రైతుదే తప్పని గట్టు మీద కూర్చున్నవారు అనవచ్చు. వేరుశెనగ సంగతి వేరు. ఎకరాకు దాదాపు 60 కిలోల గింజలు కావాలి. రాగుల్లా దోసిలి విత్తనంతో చేను నిండదు. విత్తిన దానికి దిగుబడి పదింతలు దాటడమే అరుదు, అదీ పడమటి కనుమల చాటున ఉండి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేలలో. ఒక్క ఏడు పంట ఎండితే విత్తనపు కాయలు అమ్మకానికో తిండికో పోతాయి. మరుసటి ఏడు తొలకరి పడి పదును ఆరేలోగా గింజ చేతికి రాకపోతే, తర్వాత ఎంత వచ్చినా అది వేయించుకోవడానికే. ఇందులో మరో చమత్కారం కూడా ఉంది: రైతులు వరుసలో నిలబడి అడిగే కె-6 రకం పేరులోని 'కె' కదిరిదే, ఆ వంగడం పుట్టింది అక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానంలోనే. పుట్టింటి పక్కనే ఉన్నవాడికి అది పుష్కలంగా దొరికేది ప్రకటనలోనే.

కొరత బయటపడిన రోజుల్లో నిల్వకు తోడు కొత్త పదాలు వస్తాయి. సరుకును ముందుగా మండలాలకు చేర్చడాన్ని పొజిషనింగ్ అంటారు. ఆ మాట వాడితే సరుకు వచ్చిందో, రాబోతోందో విడిగా చెప్పే శ్రమ తప్పుతుంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న సంగ్రహానికి పోగుచేయడమనీ, కుదించి చెప్పడమనీ రెండర్థాలున్నాయి. కాగితం మీద మొదటి అర్థంతో బయలుదేరిన లెక్క కొన్నిసార్లు మండల కేంద్రం చేరేసరికి రెండో అర్థంలోకి మారుతుంది. వ్యాపారి ఎంత సరుకు దాచవచ్చో నిర్ణయించే అధికారం 1955 నాటి నిత్యావసర వస్తువుల చట్టం కింద ప్రభుత్వానికి ఉంది. ఒక అధికారి ఎంత 'పుష్కలం' ప్రకటించవచ్చో పరిమితి పెట్టే చట్టం మాత్రం ఇంతవరకు రాలేదు.

పాతర తెరిచినప్పుడు లోపల గాలి చెడి మనిషి ప్రాణం పోయే ప్రమాదం ఉండేది కనుక, ముందు దీపం దించి, అది ఆరకుండా వెలిగితేనే మనిషిని దింపేవారు. అది రాగుల గొయ్యి కోసం పుట్టిన జాగ్రత్త. 'నిల్వలు పుష్కలం' అన్న ప్రకటనలోకి దీపం దించాలంటే, ముందు దాని మూతి ఎక్కడుందో ఎవరైనా చూపించాలి.