అగ్రిగేట్ బాబాయి

సీయే ఫస్ట్ అటెంప్ట్‌లో కొట్టినవాడు ఆ ముక్క ఐదు నిమిషాల్లో మీ చెవిన వేస్తాడు. ఏడో అటెంప్ట్‌లో గట్టెక్కినవాడు చెప్పడు గానీ, ఆ చదువు మీద ఈగ వాలనివ్వడు. మా బాబాయిది రెండో రకం.

గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని చదివాడు. ప్రతి పేపర్లోనూ 40 దాటేది, గ్రూపు మొత్తం మీద 50 శాతం దగ్గర దెబ్బతినేది. ‘అగ్రిగేట్ పోయిందిరా’ అన్న మాట వాళ్లింట్లో జనవరిలో ఓసారి, జులైలో ఓసారి వినబడేది. పెళ్లిసంబంధాలు కూడా ఫలితాల దాకా ఆగేవి.

అంత ఏడిపించిన సీయే ఇన్‌స్టిట్యూట్‌ను ఇప్పుడు పల్లెత్తు మాట అననివ్వడు. ఆర్టికల్స్ శిక్షణ మొదటి ఏడాదంతా జిరాక్సులు తీయించి, వౌచర్లకు టిక్కులు పెట్టించిన ప్రిన్సిపాల్ (శిక్షణ ఇచ్చిన ఆడిటర్) ఫోటో హాల్లో వేంకటేశ్వరస్వామి పక్కనే ఉంటుంది. దండ మాత్రం ఇద్దరికీ సమానం.

టిక్కులు ఆగలేదు. కిరాణా చీటీ రాగానే ఎర్ర పెన్ను తీస్తాడు. పైనుంచి కిందికి ఓసారి, కిందినుంచి పైకి ఓసారి కూడతాడు. మొన్న బెల్లం అరకిలో దగ్గర ప్రశ్నార్థకం పెట్టి, "సరుకేదీ?" అన్నాడు.

"పొద్దున పాయసం తాగారు కదండీ," అంది పిన్ని.

"తాగానే అనుకో. డబ్బా చూపించు."

1959లో ఆరన్‌సన్, మిల్స్ అనే అమెరికన్లు కాలేజీ అమ్మాయిల మీద ఓ ప్రయోగం చేశారు. ఒక బృందంలో చేరడానికి బాగా ఇబ్బంది పడ్డవాళ్లకే అక్కడి చప్పిడి చర్చ ఎక్కువ నచ్చింది. ఇది మన బాబాయి కథే కదా అని ఆయనకే చెప్పబోయాను.

"శాంపిల్ ఎంత?"

"63 మంది."

"చాలదు," అని పేపర్లో తలదూర్చాడు.

2023లో ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు కుదించినప్పుడు ఆయన కోపం చూడాలి. "రెండేళ్లలో ఏం వస్తుందిరా, ప్రిన్సిపాల్ సంతకం పోల్చుకోవడమైనా వస్తుందా?" ఆ తర్వాత పరీక్షలు కూడా ఏడాదికి మూడుసార్లు చేసేసరికి, అటెంప్టుకీ అటెంప్టుకీ మధ్య కుమిలిపోవడానికి పిల్లలకు వ్యవధే లేకుండా పోయిందని బెంగపెట్టుకున్నాడు.

ఈమధ్యే కూతురు సీయే ఇంటర్ రెండు గ్రూపులూ మొదటి అటెంప్ట్‌లోనే కొట్టేసింది. వీధంతా స్వీట్లు పంచాడు. మా ఇంటికొచ్చినప్పుడు మాత్రం నన్ను పక్కకు లాగి, గొంతు తగ్గించి అడిగాడు:

"పేపర్లు మరీ తేలిగ్గా ఇస్తున్నారంటావా?"