ఎంపీ గారి ప్రోగ్రెస్ కార్డు రాసుకునే విధానం

ముందుగా హాజరుతో మొదలుపెట్టాలి. అది సులువు, పైగా శాతాల్లో దొరుకుతుంది. 2005లో మొదలైన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ఒక్కో ఎంపీ ఎన్ని రోజులు వచ్చారో, ఎన్ని ప్రశ్నలు వేశారో, ఎన్ని చర్చల్లో పాల్గొన్నారో లెక్కగట్టి అందరి ముందూ పెడుతోంది. తన ఎంపీకి ఎనభై అయిదు శాతం వచ్చిందని చూసిన ఓటరు సంతోషించవచ్చు. కాలేజీలో తన కొడుక్కి అంత లేదని గుర్తు చేసుకుని ఇంకాస్త సంతోషించవచ్చు.

ఆ సంతోషం చెడకూడదనుకుంటే, ఈ శాతం దేన్ని కొలుస్తుందో ఆరా తీయకూడదు. అది కొలిచేది సంతకాన్ని. సంతకం చేశాక సభ్యుడు సాయంత్రం దాకా సభలో కూర్చున్నాడా, పది నిమిషాల్లో కారెక్కాడా అన్నది అందులో కనపడదు. సంతకం చేసిన రోజుకు 2,500 రూపాయల దినభత్యం ఉంది కనుక సంతకం మాత్రం నిజమైనదేనని నమ్మవచ్చు. మంత్రులకు ఈ బాధ లేదు. వాళ్లు సంతకమే పెట్టనక్కర్లేదు. తన ఎంపీ కేంద్రమంత్రి అయిన ఓటరు ఈ భాగాన్ని దాటేసి హాయిగా కాఫీ తాగవచ్చు. మరీ తక్కువ మార్కులు ఎలా ఉంటాయో చూడాలని సరదా పడితే, 2012లో రాజ్యసభకు నామినేట్ అయిన సచిన్ టెండూల్కర్, రేఖ ఉన్నారు. ఆరేళ్లలో ఇద్దరి హాజరూ పది శాతం దాటలేదు. వాళ్లకు ఓటేసినవాళ్లు ఎవరూ లేరు కనుక మోసపోయామని ఎవరూ అనుకోలేదు.

ఎంపీని వదిలి ఎమ్మెల్యే వెంట పడాలనుకునేవాళ్లకు ఇంకొంచెం గణితం రావాలి. అనుమతి లేకుండా అరవై రోజులు రాని సభ్యుడి స్థానం ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణం చెబుతోంది. వినడానికి గట్టిగానే ఉంది. అయితే సమావేశాలు ముగిసి సభ ప్రొరోగ్ అయిన కాలాన్నీ, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలాన్నీ ఆ అరవైలోంచి తీసేయాలి. మన శాసనసభలు ఏడాదికి ఎన్నాళ్లు కూర్చుంటున్నాయో చూస్తే, ఆ అరవై నిండేసరికి ఎన్నేళ్లు పడుతుందో ఓటరే గుణించుకోగలడు. ఈ లెక్క నేర్చుకోవడంలో పార్టీ భేదాలు లేవు. 2017లో ఫిరాయింపులకు నిరసనగా వైఎస్సార్ కాంగ్రెస్ ఆంధ్రప్రదేశ్ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో, మళ్లీ వస్తే ముఖ్యమంత్రిగానే వస్తానని శపథం చేసి చంద్రబాబు నాయుడు బయటికి నడిచారు. 2024లో అలాగే వచ్చారు. ఆయన వచ్చాక, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ జగన్మోహన్ రెడ్డి రావడం మానుకున్నారు. 2025 ఫిబ్రవరి 24న గవర్నర్ ప్రసంగానికి తన వాళ్లతో వచ్చి, కొద్ది నిమిషాలకే వాకౌట్ చేశారు. తెలంగాణలో 2023లో అధికారం పోయాక కేసీఆర్ సభలో కనపడటమే వార్త అయింది.

ప్రశ్నల దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. ఎక్కువ ప్రశ్నలు వేసిన ఎంపీ దగ్గర చురుకైన సహాయకుడు ఉన్నాడని అర్థం చేసుకుంటే చాలు. నోటీసు ఇచ్చిన ప్రశ్నల్లో ఏవి సభకు చేరతాయో లాటరీ తేలుస్తుంది. కొన్నిసార్లు ప్రశ్న ఎక్కడ పుట్టిందన్నది జవాబుకన్నా ఆసక్తికరంగా ఉంటుంది: ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన పదకొండుమంది ఎంపీలను 2005 డిసెంబరులో పార్లమెంటు బహిష్కరించింది. వాళ్ల ప్రోగ్రెస్ కార్డులో కూడా ప్రశ్నల గడిలో అంకెలు పడే ఉంటాయి.

ఇక అసలు విషయం, ఓటు. ఎంపీ ఏ బిల్లుకు అవునన్నారు, దేనికి కాదన్నారు? ఇది తెలుసుకోవాలనుకునే ఓటరు ముందు మూజువాణి ఓటు అనే పద్ధతిని గౌరవించడం నేర్చుకోవాలి. అవునన్నవాళ్ల అరుపు పెద్దదా, కాదన్నవాళ్ల అరుపు పెద్దదా అని స్పీకరు చెవి తేలుస్తుంది. చాలా బిల్లులు ఇలాగే గట్టెక్కుతాయి. చెవి పేర్లు రాసుకోదు.

ఇందుకు తెలుగువాళ్ల ఇంట్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. రాష్ట్రాన్ని రెండు చేసిన పునర్వ్యవస్థీకరణ బిల్లు 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభ ముందుకు వచ్చినప్పుడు విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. సభ్యులు దగ్గుకుంటూ బయటికి పరుగెత్తారు. 18న బిల్లు ఆమోదం పొందుతున్న వేళకు ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. గొడవ మధ్య మూజువాణి ఓటుతో లోక్‌సభలో పని అయిపోయింది. 20న రాజ్యసభలోనూ మూజువాణే. కోట్లమంది జీవితాలతో ముడిపడ్డ ఆ బిల్లుకు ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా చెప్పే జాబితా లేదు. తెలుగు ఎంపీల మనసు ఎటు ఉందో వాళ్ల గొంతులనుబట్టి పోల్చుకోవచ్చు. ఎక్కడో ఉత్తరప్రదేశ్ నుంచో ఒడిశా నుంచో వచ్చిన సభ్యుడు ఆ అరుపుల్లో ఏమన్నాడో ఆయనకే గుర్తుండాలి.

పేర్లు దొరికే రోజులు లేకపోలేదు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనో, రాజ్యాంగ సవరణ వస్తేనో ఎవరి ఓటు ఎటో రికార్డుకెక్కుతుంది. ఈ విషయంలో హైదరాబాదు ఓటరు అదృష్టవంతుడు. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో అనుకూలంగా 454 ఓట్లు, వ్యతిరేకంగా రెండు పడ్డాయి. ఆ రెండింటిలో ఒకటి అసదుద్దీన్ ఒవైసీది. ఓటు నచ్చినా నచ్చకపోయినా, ఎటు వేశారో, ఎందుకు వేశారో ఆయన దాచలేదు. 2018 జూలైలో తెలుగుదేశం ఎంపీ కేశినేని శ్రీనివాస్ పెట్టిన అవిశ్వాస తీర్మానానికి 126 మంది అనుకూలం, 325 మంది వ్యతిరేకం. అక్కడా లెక్క ఉంది.

ఆ లెక్కను పట్టుకుని ఎంపీ అంతరాత్మను పరిశీలిద్దామని కూర్చుంటే మాత్రం శ్రమ వృథా. 1985లో 52వ సవరణ ద్వారా ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక, పార్టీ విప్ జారీ చేసిందంటే దాన్ని కాదని ఓటేసిన సభ్యుడి పదవికే ఎసరు. అందుచేత ఎంపీ ఓటింగ్ రికార్డు కోసం అన్ని పేజీలు తిరగేయనక్కర్లేదు, వాళ్ల అధినేత ఆ వారం ఏమన్నారో పేపర్లో చూస్తే సరిపోతుంది. బ్రిటన్‌లో, అమెరికాలో పార్టీకి ఎదురు ఓటేసిన సభ్యుల జాబితాలు చదివి ఎన్నారై బంధువులు ఫోన్లో ఉపన్యాసాలు ఇస్తుంటారు. వాళ్లకు ఓపిగ్గా ఊఁ కొట్టాలి.

అభివృద్ధి నిధుల సంగతి కళ్లకే కనిపిస్తుంది. ఎంపీ ల్యాడ్స్ కింద ఏడాదికి అయిదు కోట్లు. డబ్బు ఎంపీ చేతికి రాదు; ఆయన పని సిఫార్సు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. పని దగ్గర ఎంపీ పేరుతో ఫలకం పెట్టాలన్నది మార్గదర్శకాల్లోనే ఉంది. పని జరిగిందో లేదో అనుమానం ఉన్నచోట కూడా ఫలకం విషయంలో ఓటరు నిశ్చింతగా ఉండవచ్చు.

చివరిది ఎన్నికల ఖర్చు. లోక్‌సభ అభ్యర్థికి మన రెండు రాష్ట్రాల్లోనూ పరిమితి 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. ఫలితాలు వచ్చిన ముప్ఫై రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. టీకి ఇంత, టిఫినుకు ఇంత, కుర్చీకి ఇంత అని అధికారులు ముందే రేట్లు ఖరారు చేస్తారు. ఆ రేట్లలో ఓటు రేటు ఉండదు. పార్టీ పెట్టే ఖర్చుకు అసలు పరిమితే లేదు.

ఇక్కడ ఓటరు గుర్తుంచుకోవలసిన పేరు మహారాష్ట్ర బీజేపీ నాయకుడు గోపీనాథ్ ముండే. 2013 జూన్‌లో ముంబయిలో ఒక సభలో, కిందటి ఎన్నికల్లో తనకు ఎనిమిది కోట్లు ఖర్చయిందని మైకులోనే చెప్పేశారు. 2009 నాటి పరిమితి 25 లక్షలు. ఆయన లెక్క చూపించింది సుమారు 19 లక్షలు. ఎన్నికల సంఘం నోటీసిచ్చింది. వివరణలు నడిచాయి. పదవికేమీ కాలేదు, మరుసటి ఏడు కేంద్రమంత్రి కూడా అయ్యారు. పందొమ్మిది లక్షల కాగితానికి రాని నోటీసు ఎనిమిది కోట్ల మాటకు వచ్చిందని మిగతా నాయకులు గ్రహించినట్టున్నారు, ఆ తర్వాత అంత పెద్ద లెక్క మైకులో చెప్పినవాళ్లు పెద్దగా కనపడరు.

ఎవరి ఖర్చుల లెక్కనైనా చూడటానికి 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల ప్రకారం రుసుము ఒక్క రూపాయి. జిల్లా ఎన్నికల అధికారి కార్యాలయానికి పనివేళల్లో వెళ్లాలి. నకలు కావాలంటే దానికి రుసుము వేరు. రూపాయికి చిల్లర తీసుకెళ్లడం మంచిది.