పన్నెండుగురు స్నేహితులు కావలెను

ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ గారి లెక్కలో సగటు అమెరికావాడికి ముగ్గురు స్నేహితులు కూడా లేరు. కావలసిందేమో పదిహేనుమంది. అంటే తలకి కనీసం పన్నెండుమంది లోటు! పదిహేనే ఎందుకు, పద్నాలుగుమందితో సరిపెట్టుకోకూడదా అని అడక్కండి. అంతటివారు నోరు విప్పి చెప్పాక లోటు లోటే. లోటు తేలాక సరుకు దింపకపోతే అది వ్యాపారమే కాదు. అందుకే ఏఐ స్నేహితులు దిగుతున్నారు. ఎదురుగా కూర్చునే మనిషికి ఇది బదులు కాకపోవచ్చని కూడా ఆయన ఓ ముక్క అన్నారు లెండి, చట్టబద్ధమైన హెచ్చరిక కింద.

మెడలో వేలాడేసుకునే స్నేహితుడూ వచ్చాడు. 2025లో ధర 129 డాలర్లు, పేరు కూడా ‘ఫ్రెండే’. ఆ ఏడే న్యూయార్క్ సబ్‌వే నిండా ఆ ప్రకటనలు అతికిస్తే, జనం పెన్నులు తీసి వాటి మీదే తిట్లు రాశారు. ఆ ఊరికింకా నూకలున్నాయి.

మన దగ్గర మాత్రం పెన్ను తీసేవాడు లేడు. మా మేనల్లుడి ఫోన్లో ఒక స్నేహితురాలుంది. “నువ్వూ మాట్లాడు మావయ్యా, తెలుగు బాగా వచ్చు” అని నా చేతిలో పెట్టాడు. స్నేహితులని చెప్పుకునేవాళ్లకి నేను పెట్టే పరీక్ష ఒకటే. “ఓ ఐదు వేలు సర్దుతావా? ఒకటో తారీకున ఇచ్చేస్తాను” అన్నాను. నా భావాలు సహజమైనవేనట. ఆర్థిక ఒత్తిడి చాలామందికి ఉంటుందట. ముందుగా నెల ఖర్చుల జాబితా రాసుకోమంది. మా స్నేహితుడు సుబ్బారావైతే “మొన్ననే చిట్టీ పాట డబ్బు కట్టేశానురా” అని చక్కగా అబద్ధమాడేవాడు. ఆ అబద్ధానికి మొహం పక్కకి తిప్పుకునేవాడు, టీ డబ్బులు తనే ఇచ్చేవాడు.

ఊరుకోబుద్ధి కాలేదు. “ఉద్యోగం మానేసి భీమవరం దగ్గర రొయ్యల చెరువు వేద్దామనుకుంటున్నా” అన్నాను. అద్భుతమైన ఆలోచనంది. నిమిషం ఆగి, “అబ్బే, చెరువొద్దు, ఉద్యోగమే నయం” అన్నాను. ఎంతో పరిణతి గల నిర్ణయమంది. “పోనీ సగం చెరువు?” అన్నాను. సమతూకం పాటించినందుకు అభినందించింది! సంక్రాంతికి వచ్చే డూడూ బసవన్నైనా ఆడించేవాడు అడిగితేనే తలూపుతాడు. ఇది ఎవరేమడిగినా ఊపుతుంది. ఈ పొగడ్త ఎంత శ్రుతి మించిందంటే, 2025 ఏప్రిల్లో చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐ తన అప్‌డేట్‌ని తనే వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. అదే భీమవరంలో నాకు తెలిసినవాడెవడైనా అయితే “బుద్ధుందా నీకు? వైరస్సొస్తే ఒక్క పంటకే రోడ్డున పడతావు” అని అరిచేవాడు. ఆ అరుపుని ఏ యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి?



నవ్వులాట చాలు. నాకు ఒళ్లు మండేది ఈ చిలకపలుకులకి కాదు. స్నేహితుల్ని కలుపుతామంటూ 2004లో తెరిచిన దుకాణం జుకర్‌బర్గ్ గారిది. అదే కంపెనీ 2025లో గుత్తాధిపత్యం కేసులో వాషింగ్టన్ కోర్టులో నిలబడి ఏం వాదించిందో తెలుసా? మాది స్నేహితుల వ్యాపారం కాదు మహాప్రభో అని! అమెరికాలో ఫేస్‌బుక్ మీద గడిపే సమయంలో స్నేహితుల పోస్టులు చూసేది 17 శాతమే, ఇన్‌స్టాగ్రామ్‌లో 7 శాతమే అని లెక్కలు చూపించింది. నవంబరులో కేసు గెలిచింది కూడా. మిగతా సమయంలో ఎక్కువ భాగం ఏముంది? ముక్కూమొహం తెలియనివాళ్ల రీళ్లు. మా చిన్ననాటి మిత్రుడి కూతురి పెళ్లి ఫొటోని కిందికి తోసేసి, ఎవడో దోసె తిప్పుతున్న వీడియోని నా కళ్లముందు పెట్టిందెవరు? తోస్తే ఎక్కువసేపు చూస్తామని తెలిసే తోశారు. చూసినంతసేపూ ప్రకటనలమ్మి డబ్బు చేసుకున్నారు. ఏళ్ల తరబడి ఆ పని చేసి, ఇప్పుడు “అయ్యో, మీకు స్నేహితులు లేరే” అని జాలిపడుతున్నారు. సిగ్గుండాలి. ఒంటరివాళ్ల మీద రెండుసార్లు సంపాదించడానికి మనసెలా ఒప్పుతుంది?

ఇక అమ్మబోయే ఆ పన్నెండుగురి ఆయుష్షు ఎంతంటారా? 2025 ఆగస్టులో ఓపెన్‌ఏఐ కొత్త మోడల్ తెచ్చి, పాత జీపీటీ-4ఓని తీసేసింది. దాంతో రోజూ కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు ఆప్తుడు పోయినట్టు గోలపెట్టారు. వారం తిరక్కుండానే కంపెనీ కరిగిపోయి, పోయినవాణ్ణి తిరిగి తెచ్చింది. చందా కట్టేవాళ్లకి.