రంగు చూసి జాతి చెప్పమంటే ఎలా?

ఈమధ్య ఎవరు కనబడినా ఒకటే ప్రశ్న. ఫోన్‌లో కోడి ఫొటో చూపించి "తాతా, ఇది ఏ జాతి?" అంటారు. ఫొటోలో సగం మెడ, ఒక రెక్క ఉంటాయి. కాళ్లు కనబడవు, తల సరిగా కనబడదు. మొన్నొక కుర్రాడు గుడ్డులోంచి వచ్చి వారం కూడా కాని పిల్లను చూపించి, అసీలో కాదో తేల్చమని పట్టుబట్టాడు. నూగు రాలని పిల్లను చూసి ఏం చెప్పేది? ఈకలు మారాలి, కాలు సాగాలి, తురాయి ఏ ఆకారంలో వస్తుందో తెలియాలి. దానికి మూడు నాలుగు నెలలన్నా పడుతుంది. అంత ఓపిక ఇప్పుడు ఎవరికుంది?

మా రోజుల్లో జాతి సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. "ఇది ఎవరి పెట్ట పిల్లరా?" అని అడిగేవాళ్లం. ఆ ఒక్క మాటతో సగం సంగతి తెలిసిపోయేది. ఎవరి పెట్ట ఎలాంటిదో వీధి వీధంతా ఎరుగు. గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కిందికి తీసుకునే పెట్ట ఏదో, పొదుగు మధ్యలో లేచిపోయే పెట్ట ఏదో ఆడవాళ్లకు నోటిమీదుండేది. మా అమ్మ పొదుగుకొచ్చిన పెట్టను గంపలో కూర్చోబెట్టేది గానీ, దాని గుడ్లే దాని కింద పెట్టాలని లేదు. "వదినా, మీ పొడుగు పెట్ట గుడ్లు నాలుగు ఇస్తావా" అని పక్కింటికి వెళ్లి అడిగి తెచ్చేది. ఇరవయ్యొకటో రోజున పిల్లలు లేస్తే వాటిలో ఒకటి వాళ్లకిచ్చేది. మంచి వంశం అలా ఇంటినుంచి ఇంటికి నడిచేది.

ఇక పుంజును చూడటమంటే అదొక విద్య. కత్తి కట్టి ఆడించే పందేలు నాకు గిట్టవు, చట్టమూ ఒప్పుకోదు. కానీ పందెం పుంజుల్ని మేపిన పెద్దవాళ్ల కన్ను మాత్రం గొప్పది. అసీల్ అంటే ముందు కాళ్లు చూసేవాళ్లు. పొడుగ్గా, బలంగా, ఎడంగా నిలబడాలి. మెడ నిటారుగా ఉండాలి. తురాయి రంపపు పళ్లలా లేచి ఉండదు, బఠాణీ గింజలు మూడు వరసలుగా అతికించినట్టు నెత్తికి అంటుకుని ఉంటుంది. గడ్డం కింద వేలాడే ఎర్రతోలు ఉండీ లేనట్టుంటుంది. ముక్కు పొట్టి, గట్టి. ఈకలు తక్కువ, అవీ ఒంటికి అదిమినట్టుంటాయి. రొమ్ము ఎముక దగ్గర ఎర్రతోలు బయటికి కనబడుతుంది. తోక పైకి విచ్చుకోదు, కిందికి వాలుతుంది. అన్నీ చూశాక చేతిలోకి తీసుకుని బరువు చూసేవాళ్లు. కంటికి కనబడినదానికంటే చేతికి ఎక్కువ తూగితేనే తల ఊపేవాళ్లు.

రంగు సంగతి చివర్లో వచ్చేది. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఇవిగాక నెమలి, పర్ల, మైల, పింగళ. ఇవన్నీ ఈకల పేర్లే, జాతుల పేర్లు కావు. కుక్కుట శాస్త్రం కూడా ఏ వారం, ఏ నక్షత్రంలో ఏ రంగు గెలుస్తుందో చెప్పిందే గానీ రంగే జాతి అనలేదు. ఒకే పెట్ట కింద డేగా లేస్తుంది, కాకీ లేస్తుంది. ఇవాళ "డేగ జాతి పిల్లలు అమ్మబడును" అని బోర్డు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కలగలుపు మా కాలంలోనూ ఉంది, కాదనను. సర్కారు వాళ్లు తెల్ల లెగ్‌హార్న్, ఎర్ర రోడ్ ఐలాండ్ కోళ్లను పల్లెలకు తెచ్చారు. సీమకోళ్లనేవాళ్లం. చెవితమ్మ తెల్లగా ఉంటే లెగ్‌హార్న్ రక్తం ఉందనీ, గుడ్డు తెల్లగా పెడుతుందనీ అప్పుడే నేర్చుకున్నాం. తర్వాత హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ ఇచ్చింది. మంచివే. మన అసీల్ పెట్ట ఏడాదికి 30, 40 గుడ్లు పెడితే వనరాజా 100 దాటుతుంది. పేదింటికి అది చిన్న సంగతి కాదు. నా కోపం ఆ కోళ్ల మీద కాదు, వాటి పేరు దాచి "అసలు సిసలు నాటుకోడి" అని రెట్టింపు ధరకు అమ్మేవాళ్ల మీద. ఒంటిమీద నాలుగు రంగులుంటే చాలు, నాటుదైపోతోంది. గోధుమరంగు పెంకుంటే నాటుగుడ్డు. పెంకు రంగు పెట్ట వంశాన్ని బట్టి వస్తుంది, ఫారం కోళ్లలోనూ గోధుమరంగు గుడ్లు పెట్టేవి ఉన్నాయి. ఇది చెబితే వినేవాడు లేడు.

ఇక కడక్‌నాథ్ వెర్రి. అది మధ్యప్రదేశ్ ఝాబువా కోడి, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తోలు, మాంసం నలుపే, గుడ్డు మాత్రం నలుపు కాదు. అయినా నల్లగుడ్లు కావాలని తిరిగేవాళ్లను చూశాను. నల్ల ఈకలుంటే చాలు, కడక్‌నాథ్ అని అంటగడుతున్నారు. నోరు తెరిచి నాలుక చూడరు, ఈకలు పాయ తీసి తోలు చూడరు.

నాకు అన్నిటికంటే బాధ ఇంకొకటి. దేశవాళీ కోడి జాతుల జాబితాలో అసీల్‌తోపాటు డంకి, కాళాస్తి, ఘాగస్ కూడా ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఉన్నాయి. డంకి ఉత్తరాంధ్రది, కాళాస్తి చిత్తూరు వైపుది. ఎక్కడో ఝాబువా కోడి పేరు తెలిసిన పిల్లలకు ఈ మూడు పేర్లూ కొత్తే. దొరికిన పుంజునల్లా దొడ్లో వదిలేస్తుంటే వాటి వంశం నిలిచేదెలా?

కోళ్లు పెంచే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మంచి పెట్ట ఉంటే దానికి తగిన పుంజునే తోడు పెట్టండి, ఏ గుడ్డు ఏ పెట్టదో ఒక పుస్తకంలో రాసుకోండి. పిల్లల్ని కొనేటప్పుడు ఫొటో చూసి డబ్బు పంపకండి. వెళ్లి తల్లిపెట్టను చూపించమనండి. చూపించనివాడి దగ్గర కొనకండి.